మానేసిన వాళ్లను అడగండి

ప్రశ్న: సర్, మాది ఆదోని. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. పేరున్న ఒక జీవిత బీమా కంపెనీ కర్నూలు బ్రాంచిలో సేల్స్ ఆఫీసరుగా 24 వేలు ఇస్తామంటోంది. ఇక్కడే ఒక పత్తి జిన్నింగు మిల్లులో అకౌంట్స్ చూస్తే 16 వేలు ఇస్తారట. బంధువులంతా పేరున్న కంపెనీకే పంపమంటున్నారు. చేరకముందే కంపెనీ మంచిదో కాదో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉందండీ. పేరును మాత్రం పక్కన పెట్టండి. కార్పొరేట్ గవర్నెన్స్ భేషుగ్గా ఉందని సత్యం కంప్యూటర్స్‌కు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న లెక్కల్లో వేల కోట్ల మోసం జరిగిందని ఛైర్మనే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు.

నేను చూసేది ఒకటే. కస్టమరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పినా అక్కడి ఉద్యోగి చేతికి పూర్తి జీతం వస్తుందా? వచ్చేచోట కస్టమరు మళ్లీ వస్తాడు, ఉద్యోగి మానేయాలనుకోడు. అబద్ధం ఆడితే తప్ప టార్గెట్ అందని చోట ఇద్దరూ పోతారు.

బీమాలో దీన్ని అంకెల్లోనే పట్టుకోవచ్చు. జీవిత బీమా కంపెనీలు తమ వెబ్‌సైట్లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ కింద '13వ నెల పర్సిస్టెన్సీ' అని ఒక శాతం పెడతాయి. పాలసీ తీసుకున్నవాళ్లలో రెండో ఏడాది కూడా ప్రీమియం కట్టింది ఎందరో దాన్నిబట్టి తెలుస్తుంది. 61వ నెల అంకె కూడా ఉంటుంది, అది ఐదేళ్ల సంగతి. వానల్లేక, చేతిలో డబ్బాడక ఆపేసేవాళ్లూ ఉంటారు కాబట్టి నాలుగైదు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మీ కంపెనీది మరీ తక్కువుంటే, 'ఇదీ ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే' అని చెప్పి అంటగట్టిన పాలసీలు చాలానే ఉన్నాయని అనుమానించాలి.

ఈ ఉద్యోగంలో నేను తరచూ చూసే తంతు ఒకటుంది. మొదటి రెండు మూడు నెలలు మేనమామలు, పిన్నమ్మలు, నాన్నగారి స్నేహితులతో టార్గెట్ గడిచిపోతుంది. ఆ తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు. పిల్ల ఉద్యోగం మానేస్తుంది, పెళ్లిళ్లలో చుట్టాలు మొహం చాటేస్తారు. అందుకని 24 వేలల్లో ఫిక్స్‌డ్ ఎంతో, ఇన్సెంటివ్ ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు నచ్చకపోతే కస్టమరు వెనక్కివ్వొచ్చు. అలా వెనక్కొస్తే మీ అమ్మాయిని ఏమంటారో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సీటులో ఇంతకుముందు ఎవరున్నారో కనుక్కుని, వాళ్లతో ఫోన్లో ఒక పది నిమిషాలు మాట్లాడండి. కర్నూలులో హాస్టల్ ఖర్చు ఎలాగూ లెక్కేసే ఉంటారు.

మిల్లు సంగతి మీరే సులభంగా కనుక్కోగలరు. పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్లి పత్తి తెచ్చిన రైతులను కదిపితే చాలు. ఆ మిల్లు కాటా మీద నమ్మకముందా, తేమ పేరుతో ఎంత కోస్తారు, డబ్బు అదే రోజు చేతిలో పెడతారా, నెల తిప్పుతారా? పాత గుమాస్తాలు ఎన్నేళ్లుగా ఉన్నారో కూడా అడగండి. పీఎఫ్ కడుతున్నామని యజమాని అంటే సరిపోదు, అక్కడ పనిచేసే ఎవరినైనా పాస్‌బుక్ చూపించమనండి. నెలనెలా జమ పడుతుందో లేదో అందులోనే తెలుస్తుంది. జీతం 21 వేలు దాటలేదు కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకుండే ప్రభుత్వ వైద్య బీమా, ఉందా అని కూడా అడగండి. ఉద్యోగి వాటా 0.75 శాతమే, యజమానిది 3.25. ఆ మాటెత్తగానే చిరాకు పడ్డారంటే నేనైతే అక్కడ చేర్చను.

బీమా కంపెనీ గడువు ఎప్పటివరకు ఇచ్చిందో మీరు రాయలేదు. ఈ వారమే అయితే ముందు కర్నూలు బ్రాంచికి వెళ్లి రండి. యార్డు మీ ఊళ్లోదే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు.