బేస్‌మెంట్ లేని ఎడారి ఇంట్లో సామాను ఎక్కడ పెట్టాలి?

బేస్‌మెంట్ లేదు కాబట్టి ఫొటో ఆల్బమ్‌లు, మందులు, సూట్‌కేసులు అన్నీ అటక మీద పెట్టెయ్యొచ్చా అని అడిగారు కదండీ. ఫొటోలు, మందులు మాత్రం దయచేసి వద్దు. ఎడారి ఎండకి పైకప్పు కింద వేడి 60 డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మందులు పాడవుతాయి. కొవ్వొత్తులు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలూ అంతే. వీటికి ఏసీ ఉన్న గదుల్లోనే చోటు వెతకాలి. మంచాల కింద, మెట్ల కింద సరే, చాలామంది వదిలేసేది అల్మరా పై నుంచి సీలింగ్ దాకా ఉండే ఖాళీ. అక్కడ ఇంకో అర కొట్టించండి. సూట్‌కేసులు, స్టీలు సామాను గరాజ్ సీలింగ్‌కి ర్యాక్ వేయించి పెట్టుకోవచ్చు. ర్యాక్‌ని దూలాలకే బిగించాలి, ఉత్త జిప్సమ్ బోర్డు బరువు ఆపదు. అట్టపెట్టెలు మాత్రం మానేయండి, వాటిలో తేళ్లు దూరతాయి. గట్టి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడండి.