ఇలియట్ జాన్‌స్టన్ అనే జడ్జిని ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

కస్టడీలో ఆదివాసీల చావుల మీద 1987లో వేసిన రాయల్ కమిషన్ (అంటే ప్రభుత్వం వేసే పెద్ద విచారణ సంఘం) వల్లేనండి. మొదట జేమ్స్ మ్యూర్‌హెడ్ చూశారు, తర్వాత సౌత్ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన జాన్‌స్టన్ అందుకుని 1991లో ఫైనల్ రిపోర్ట్ ఇచ్చారు, అందులో 99 మరణాల మీద విచారణ, 339 సిఫార్సులు ఉన్నాయి. (కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాయన జడ్జి అవడమే అప్పట్లో విశేషం లెండి.)

అసలు పాయింట్ ఏంటంటే, లోపలికెళ్లాక ఆదివాసీలు మిగతా ఖైదీల కంటే ఎక్కువ రేటులో ఏం చనిపోవట్లేదు, కానీ అసలు లోపలికి వెళ్లడమే జనాభాతో పోలిస్తే విపరీతంగా ఎక్కువ, అందుకే జైలు ఆఖరి మార్గం అవ్వాలి, తాగి రోడ్డు మీద కనపడటం నేరం కాకూడదు అన్నారు. ఆ రెండోది విక్టోరియా రాష్ట్రంలో అమలయ్యేసరికి 2023 వచ్చింది! ఈలోపు కస్టడీలో ఇంకో 500 మందికి పైగా ఆదివాసీలు పోయారు. ఆదివాసీని పట్టుకోగానే వాళ్ల లీగల్ సర్వీస్‌కి పోలీసులు ఫోన్ చేయాలన్న పద్ధతి మాత్రం న్యూసౌత్‌వేల్స్‌లో 2000 నుంచే నడుస్తోంది.