పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఇంటెల్ మంచిదా, ఏఎండీ మంచిదా?

విశాఖ పెదవాల్తేరులో మాకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న మిక్సింగ్ యూనిట్ ఉంది. ఇంటెల్, ఏఎండీ రెండూ కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్ చిప్పుల కంపెనీలు. ఈ ప్రశ్న అడిగినవాళ్లు దాని వెంటే "ఏఎండీ వేడెక్కిపోతుందట కదా?" అని కూడా అంటారు. మా మొదటి సిస్టమ్ కూడా మే నెల ఉక్కపోతలో రెండరింగ్ (ఎడిట్ చేసిందాన్ని ఫైనల్ వీడియోగా తయారుచేయడం) మధ్యలో ఆగిపోయేది. కంపెనీ పేరు ఎందుకులెండి, దాన్ని తిట్టని రోజు లేదు. తీరా విప్పి చూస్తే ఫ్యాన్ కింద దుమ్ము మేట వేసుకుని ఉంది, చిప్పు వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. తప్పు నాదే. అసలు 2004లో వేడికి పేరుమోసింది ఇంటెల్ వాళ్ల ప్రెస్కాట్ పెంటియం 4 చిప్పు.

వీళ్లిద్దరిదీ దాయాదుల తగువు. 1981లో ఐబీఎం తన పీసీకి ఇంటెల్ 8088 తీసుకుంది కానీ, చిప్పులకి ఇంకో సరఫరాదారు కూడా ఉండాల్సిందేనంది. అలా 1982 ఒప్పందంతో ఇంటెల్ డిజైన్లు ఏఎండీ చేతికొచ్చాయి. తర్వాత కోర్టులు మామూలే. తమాషా ఏంటంటే, 2003లో ఏఎండీ తెచ్చిన, ఎక్కువ మెమరీ వాడుకోనిచ్చే 64 బిట్ పద్ధతినే చివరికి ఇంటెల్ కూడా అందుకోవాల్సి వచ్చింది.

మనకి పనికొచ్చే సంగతి 2017ది. 2011లో బుల్డోజర్ అనే చిప్పులతో ఏఎండీ చతికిలబడ్డాక ఇంటెల్ వాళ్ల డెస్క్‌టాప్ చిప్పు ఐ5 ఏళ్ల తరబడి నాలుగు కోర్ల (చిప్పులో పని చేసే విభాగాల) దగ్గరే ఉండిపోయింది. 2017 ఏప్రిల్‌లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లతో (అంటే ఒకేసారి పన్నెండు పనులు నడిపేలా) ఏఎండీ రైజెన్ 5 1600 వచ్చింది. అదే అక్టోబరుకి ఐ5లోనూ ఆరు కోర్లు! అన్నేళ్లు రాని రెండు కోర్లు ఆర్నెల్లలో ఎలా వచ్చాయో మీరే ఆలోచించుకోండి. కాకపోతే ఆ కొత్త ఐ5కి పాత మదర్‌బోర్డు పనికిరాదు, చిప్పు కూర్చునే సాకెట్ చూడటానికి ఒకేలా ఉన్నా సరే.

నేనప్పుడు 1600, బీ350 బోర్డు తీసుకున్నాను. 2022లో బోర్డుని నడిపే బయాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి అదే బోర్డులో రైజెన్ 5 5600 పెట్టాను. ర్యామ్ కూడా పాతదే. ఉప్పుగాలికి తుప్పు పట్టిన క్యాబినెట్ స్క్రూలు ఊడదీయడానికే ఎక్కువసేపు పట్టింది.

ఇంత చెప్పి, మొన్న మా తమ్ముడికి ఇంటెల్ కొనిపించాను. కొత్త కెమెరాలు 10 బిట్ 4:2:2 హెచ్.265లో, అంటే రంగుల వివరాలు ఎక్కువ ఉంచుతూ ఫైల్‌ని బాగా కుదించే వీడియో ఫార్మాట్‌లో తీస్తున్నాయి. టైమ్‌లైన్‌లో ఆ ఫుటేజీ నా 5600 మీద నత్తనడక నడుస్తుంది. 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ఇంటెల్ చిప్పుల్లోని గ్రాఫిక్స్ భాగం దాన్ని నేరుగా విప్పగలదు. అందుకని ముందు మీ కెమెరామన్ ఏ ఫార్మాట్‌లో ఇస్తాడో అడగండి. మామూలు 8 బిట్ అయితే ధర ఎటు తక్కువుంటే అటే. 4:2:2 అయితే ఇంటెల్. దాంట్లోనూ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్నది వద్దు, దానికి ఆ గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. చవకని షాపులో ముందు అదే చూపిస్తారు. డబ్బు కట్టేలోపు బాక్సు మీద పేరు చదువుకోండి.