టెలికం కంపెనీలు నెట్ న్యూట్రాలిటీ (అన్ని సైట్లనూ, యాప్‌లనూ నెట్ కంపెనీలు సమానంగా చూడాలన్న సూత్రం) మీద లాబీయింగ్ ఎలా చేశాయి? టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మనం రాసే మెయిల్‌కి విలువ ఉందా?

ఉంది. కానీ ఏం రాశామన్నది ముఖ్యం.

2015లో నేను కరీంనగర్‌లో ఉంటూ ఉద్యోగ నోటిఫికేషన్లు తెలుగులో పెట్టే చిన్న సైటు నడిపేవాడిని. అందుకే ఈ చర్చను దగ్గరగా చూశాను. నాకు అర్థమైనంతవరకు కంపెనీలు "నెట్ న్యూట్రాలిటీ వద్దు" అని నేరుగా అనవు. అసలు ప్రశ్ననే మార్చేస్తాయి.

ఆ ఏడాది మార్చి 27న ట్రాయ్ జనాభిప్రాయం కోరుతూ 20 ప్రశ్నలతో ఒక పత్రం విడుదల చేసింది. వాట్సాప్, స్కైప్ లాంటివాటికి లైసెన్స్ పెట్టాలా అన్నది అందులో పెద్ద అంశం. "మా నెట్‌వర్క్ మీద వాళ్ళు సంపాదిస్తున్నారు, మాకున్న రూల్సే వాళ్ళకీ ఉండాలి" అన్నది ఆపరేటర్ల వాదన. జనం డేటా ప్యాక్‌లు కొనేది ఆ యాప్‌ల కోసమేనన్న సంగతి మాత్రం ఎత్తరు! ఆపరేటర్ల సంఘం సీఓఏఐ "సబ్‌కా ఇంటర్నెట్, సబ్‌కా వికాస్" అని ప్రచారం మొదలుపెట్టింది. నెట్ అందని పేదవాడిని ముందు నిలబెట్టి, ఏ సైటుకి ఎంత ధర అని నిర్ణయించే హక్కు అడగడమే ఇది. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

అదే ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. డబ్బు కట్టిన కంపెనీ యాప్ కస్టమర్‌కి ఉచితం. అలా కట్టే స్తోమత నాలాంటి వాడికి ఎక్కడిది? జనం నుంచి వ్యతిరేకత రావడంతో ఫ్లిప్‌కార్ట్ అందులోంచి తప్పుకుంది. ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా మెయిళ్లు వెళ్ళాయి.

డిసెంబర్‌లో ఫ్రీ బేసిక్స్ (ఎంపిక చేసిన కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే పథకం) కోసం ఫేస్‌బుక్ రంగంలోకి దిగింది. అంతకుముందే రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఏపీ, తెలంగాణ సహా ఆరు రాష్ట్రాల్లో దాన్ని వేరే పేరుతో మొదలుపెట్టింది. పేపర్లలో ఫుల్ పేజీ యాడ్స్ ఇచ్చింది. బటన్ నొక్కితే ట్రాయ్‌కి వెళ్ళిపోయే రెడీమేడ్ లేఖ కూడా తయారు చేసింది. ట్రాయ్ తన కొత్త పత్రంలో నాలుగు ప్రశ్నలతో అడిగింది మాత్రం వేరు: ఒక్కో సైటుకి ఒక్కో రేటు పెట్టవచ్చా అని. ఆ నాలుగు ప్రశ్నలకు నేను నా సైటు అనుభవంతోనే జవాబు రాశాను. సుమారు 24 లక్షల స్పందనలు వచ్చినా, రెడీమేడ్ లేఖలు తన ప్రశ్నలకు జవాబు కావని ట్రాయ్ తేల్చేసింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి వేర్వేరు రేట్లను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకి రూ. 50,000, గరిష్ఠంగా రూ. 50 లక్షల జరిమానా.

అమెరికాలో ఇంకా ఘోరం. 2017లో నెట్ న్యూట్రాలిటీ నిబంధనల రద్దు మీద అక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి వచ్చిన 2.2 కోట్ల కామెంట్లలో దాదాపు 1.8 కోట్లు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో బయటపెట్టారు. వాటిలో 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారం వల్ల వచ్చినవే.

ఇప్పుడు "ఫెయిర్ షేర్" అంటున్నారు. ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలట. పాత వాదనకే కొత్త పేరు. ట్రాయ్ పత్రం వచ్చినప్పుడు ప్రశ్న నంబర్ వేసి, మీ సొంత అనుభవంతో జవాబు రాయండి. కంపెనీల జవాబులను ట్రాయ్ తన సైట్‌లో పెడుతుంది. అవి చదివి, కౌంటర్ కామెంట్ల (ఇతరుల జవాబుల మీద స్పందనల) గడువులోగా మళ్ళీ రాయండి.