దోశపిండి వ్యాపారంలో లాభం కనబడడానికి నాకు 19 నెలలు పట్టింది

ఉద్యోగం మానేసి చిన్న వ్యాపారం పెడితే లాభం ఎన్నాళ్ళకు వస్తుందని అడిగారు. అందరి సంగతీ చెప్పలేను, నాకైతే 19 నెలలు. తిరుపతి కొర్లగుంటలో ఇడ్లీ, దోశ పిండి రుబ్బి దుకాణాలకు వేస్తాం.

2017లో మా ఆవిడ గాజులు కుదవ పెట్టి ఒక టిల్టింగ్ గ్రైండరు (వంచి పిండి తీసుకునే రకం), ఒక పాత ఫ్రిజ్ కొన్నాం. ఏడాదికి వంద రూపాయలు కట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకున్నా. మధ్యాహ్నం రుబ్బడం, రాత్రి ఏడింటికి స్కూటర్ మీద దుకాణాలకు వేయడం. గిరాకీకి కొదవ లేదు. నెల తిరిగేసరికి చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు.

కారణం రిటర్నులు. పొద్దున పోతే దుకాణం అన్న కవరు ఎత్తి చూపించేవాడు. దిండు మాదిరి ఉబ్బి ఉండేది. "ఏం నాయనా, పులిసిపోయింది, ఎత్తకపో." అప్పట్లో ప్యాకెట్టుకు నాకు 22 రూపాయలు పడేది, దుకాణానికి 32కు వేసేవాణ్ణి. 80 వేస్తే 20 వెనక్కొచ్చేవి. 60కి 1,920 వస్తే, 80 చేయడానికి 1,760 అయ్యేది. మిగిలిన 160లోనే పెట్రోలు.

తప్పు పిండిలోనే ఉందనుకున్నా. మినప్పప్పు మార్చా, మెంతులు తగ్గించా. రాయి తిరిగే కొద్దీ పిండి వేడెక్కుతుంది కదా, అందుకని ఐసు నీళ్ళతో రుబ్బా. కొంచెం మేలనిపించింది, అంతే. ఏప్రిల్ వచ్చి ఎండ నలభై దాటేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

ఒకరోజు రాత్రి పదిన్నరకు బైరాగిపట్టెడ మీదుగా వస్తుంటే, ఒక దుకాణాయన షట్టర్ దించే ముందు ఫ్రిజ్ ప్లగ్ పీకడం కంటబడింది. "రాత్రంతా కరెంటు దండగ కదబ్బా" అన్నాడు. మిగతా చోట్లా అడిగా. సగం మందిది అదే అలవాటు! వాళ్ళ కరెంటు బిల్లు వాళ్ళది, నేను కట్టను కదా. గొడవ పడకుండా మా గడియారమే మార్చుకున్నాం. రాత్రి ఒంటిగంటకు లేచి రుబ్బి, చల్లబరిచి, తెల్లారి ఆరులోపు వేయడం. పగలంతా ఫ్రిజ్ నడుస్తుంది, సాయంత్రం ఇంటికి పోయే ఆడవాళ్ళు కొనుక్కుపోతారు. మా ఇద్దరికీ నిద్ర లేకుండా పోయిందనుకోండి, అది వేరే కథ.

రెండోది నోటు పుస్తకం. ఏ దుకాణానికి ఎన్ని వేశాం, ఎన్ని వెనక్కొచ్చాయి, వారంలో ఏ రోజు అని ప్రతిరోజూ రాశా. ఏడు నెలలు రాశాక గానీ తీరు అర్థం కాలేదు. మా ఊళ్ళో శనివారం ఒక్కపొద్దులు ఎక్కువ, రాత్రికి చాలా ఇళ్ళల్లో టిఫినే. పెరటాసి నెలలో (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరులో వస్తుంది) అయితే చెప్పక్కర్లేదు. ఆదివారం సాయంత్రం మాంసం కూర, పిండి అడిగేవాళ్ళు తక్కువ. అది తెలియక నేను రెండు రోజులూ ఒకేలా వేస్తూ పోయా.

అన్నిటికన్నా నాకు కష్టమైంది తక్కువ వేయడం. దుకాణం వాళ్ళు ఇరవై అడిగితే పన్నెండు ఇచ్చేవాణ్ణి. సాయంత్రం "అయిపోయింది, ఇంకా తీసుకురా" అని ఫోన్ వస్తే ప్రాణం కొట్టుకునేది. అయినా పోలేదు. మామూలు రోజుల్లో 65 వేస్తే మూడు వెనక్కొచ్చే స్థితికి వచ్చాం. అమ్ముడయ్యేది పెరిగింది రెండే ప్యాకెట్లు, మిగిలేది మాత్రం 160 నుంచి 554 అయింది. కొత్త దుకాణాలు పట్టుకున్నది ఆ తర్వాతే. గాజులు విడిపించింది మూడో ఏడు.

ఇప్పుడు 41 దుకాణాలు, పనికి ఇద్దరు ఉన్నారు. అలాగని నిశ్చింత అనుకోకండి. మొన్న మే నెలలో ఒకే దుకాణం నుంచి 11 ప్యాకెట్లు ఉబ్బి వెనక్కొచ్చాయి. మిట్టమధ్యాహ్నం పోయి చూస్తే, ఫ్రిజ్ ప్లగ్ తీసి అక్కడ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు.