పాత శాంప్లింగ్ స్కోప్ కొనాలా? హెడ్లు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వబాకు

తమ్ముడూ, చెన్నైలో పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర టెక్ట్రానిక్స్ 11801 అనే శాంప్లింగ్ స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్‌లో ఒక రకం) ఉంది, 20 గిగాహెర్ట్జ్ అంటున్నారు, నలభై వేలు చెబుతున్నారు, ఆర్డునో బోర్డులూ ఇన్వర్టర్లూ రిపేరు చేసుకోడానికి మామూలు స్కోప్ బదులు ఇది తీసుకోవచ్చా అని కదా కందుకూరు నుంచి అడిగావు. ఆ పనికైతే వద్దు. ఒంగోలులో మా ఇంట్లో ఇదే ఉంది, ఆరేళ్ళుగా ప్రాణంగా చూసుకుంటున్నా, అయినా నీకు వద్దనే చెబుతా.

ఈ మిషన్ సిగ్నల్‌ని ఒక్కసారిలో పట్టదు. ఒంగోలు స్టేషన్లో పినాకినిని రోజుకి ఒక్క ఫొటో తీస్తావనుకో, మొదటి రోజు బండి కనపడగానే, రెండో రోజు ఒక సెకను ఆగి, మూడో రోజు రెండు సెకన్లు ఆగి. నెల తర్వాత ఆ ఫొటోలు వరసగా పెడితే బండి వచ్చి ఆగినట్టు కనపడుతుంది, కాకపోతే బండి రోజూ ఒకేలా వచ్చి ఉండాలి. ఇదీ అంతే. ట్రిగ్గర్, అంటే ఇప్పుడు చూడు అని చెప్పే సంకేతం, వచ్చిన ప్రతిసారీ ఒక్క చుక్క తీసుకుంటుంది, అదీ కిందటిసారి కన్నా కొన్ని పికోసెకన్లు జరిపి. అందుకే సెకనుకి లక్షల్లోనే శాంపిళ్ళు తీసినా 20 గిగాహెర్ట్జ్ దాకా చూపించగలుగుతుంది. ఇన్వర్టర్ ఆన్ చేసినప్పుడు ఒక్కసారి కొట్టే స్పైక్ మాత్రం దీనికి దొరకదు. పైగా ట్రిగ్గర్ సాకెట్ వేరే, దానికి విడిగా సిగ్నల్ ఇవ్వాలి.

ఇక హెడ్లు, అంటే సిగ్నల్ తగిలించడానికి స్కోప్ ముందు అరల్లో దూర్చే చిన్న పెట్టెలు. అసలు విలువంతా వాటిదే. ముందు నాలుగు అరలుంటాయి, ఎస్‌డీ-24 లాంటి హెడ్ అయితే ఒక్కోదానికి రెండు ఛానెళ్ళు. హెడ్లు లేకుండా అమ్ముతుంటే నువ్వు కొనేది బరువైన డబ్బా. ఇన్‌పుట్ 50 ఓమ్స్, నీ 10ఎక్స్ ప్రోబ్ దీనికి పనికిరాదు. 3 వోల్టులు దాటితే హెడ్ పోతుంది, అంటే ఆర్డునో పిన్నులో వచ్చే 5 వోల్టులే దానికి ఎక్కువ. మధ్యలో 20 డీబీ అటెన్యుయేటర్ (వోల్టేజీని పదోవంతుకి తగ్గించే ముక్క) లేకుండా అలాంటివి పెట్టబాకు.

నా హెడ్‌లో ఒక ఛానెల్ నా చేతుల్లోనే పోయింది. కోయాక్స్ కేబుల్ చుట్టని నేల మీద ఈడ్చుకొచ్చి తిన్నగా ఛానెల్‌కి బిగించా. పొగ లేదు, చప్పుడు లేదు. స్క్రీన్ మీద గీత పైకెళ్ళి అతుక్కుంది, మళ్ళీ దిగలేదు. ఈడ్చినప్పుడు కేబుల్లో చేరిన స్టాటిక్ చార్జే దాన్ని చంపింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఏ కేబులైనా ముందు దాని చివర 50 ఓమ్స్ టెర్మినేటర్ (లోపల రెసిస్టర్ ఉన్న మూత) పెట్టి చార్జ్ దించి, మణికట్టుకి ఎర్త్ పట్టీ వేసుకున్నాకే హెడ్ దగ్గరికి తీసుకెళతా. వాడని ఛానెళ్ళకి ఎప్పుడూ మూతలుంటాయి.

మరి ఎందుకు ఉంచుకున్నానంటే, టీడీఆర్ కోసం. అంటే కేబుల్లోకి మెట్టులా ఒక్కసారిగా లేచే వోల్టేజీ పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి తప్పు ఎక్కడుందో కనుక్కోవడం. కొత్తపట్నం వైపు మా బావ రొయ్యల చెరువు గట్టు మీద కెమెరాకి వేసిన 90 మీటర్ల కేబుల్లో బొమ్మ సరిగ్గా రావడం లేదంటే, ఊడదీసి చుట్ట ఇంటికి తెచ్చుకున్నా. ముందు అదే కేబుల్ చివర 2 మీటర్ల ముక్క కోసి చూశా, హెడ్ పంపిన మెట్టు వెళ్ళి తిరిగి రావడానికి 20 నానోసెకన్లు పట్టింది, అంటే నానోసెకనుకి 20 సెంటీమీటర్ల నడక. తర్వాత చుట్టంతా తగిలిస్తే 380 నానోసెకన్ల దగ్గర గీత చిన్న గుంటలా దిగింది. లెక్కేస్తే రానూపోనూ 76 మీటర్లు, అందులో సగం 38 మీటర్లు. టేపుతో కొలిచి చూస్తే అక్కడ పైతొడుగు మీద ఎలుక పళ్ళ గాట్లు, బ్లేడుతో చీలిస్తే లోపల అల్లిక తీగ పచ్చగా చిలుమెక్కి తడిగా ఉంది. ఆ జానెడు కోసేసి జాయింట్ వేశాం, ఇప్పటికీ నడుస్తోంది.

నువ్వూ కేబుళ్ళ పనో, హైస్పీడ్ బోర్డుల పనో చేస్తానంటే అప్పుడు ఆలోచించు. అమ్మేవాడి దగ్గరే అరగంట ఆన్‌లో ఉంచి, టీడీఆర్ స్టెప్ పెట్టి ఒక్కో ఛానెల్ చూడు. ఏమీ తగిలించనప్పుడు మెట్టు మీద ఇంకో మెట్టు ఎక్కాలి, 50 ఓమ్స్ టెర్మినేటర్ బిగిస్తే ఆ రెండోది పోవాలి. పోకపోతే డబ్బు తీయబాకు. సాకెట్ లోపలి పిన్ను భూతద్దంతో చూడు, వంగిందేమో. ఆ కాలం మిషన్లలో సెట్టింగులు దాచే మెమరీ చిప్‌లోనే లిథియం బ్యాటరీ సీల్ చేసి ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా మార్చారా అని అడుగు.

నీ రిపేర్లకి రెండు ఛానెళ్ళ 100 మెగాహెర్ట్జ్ మామూలు డిజిటల్ స్కోప్ చాలు, ఇన్వర్టర్‌కి ఐసోలేషన్ ఉన్న ప్రోబ్ వేరుగా తీసుకో. శాంప్లింగ్ స్కోప్ చూడాలనుంటే ఏ ఆదివారమైనా ఒంగోలు రా, నీ దగ్గర పాడైన కేబుల్ ఉంటే తెచ్చుకో, ఎక్కడ పోయిందో కలిసి వెతుకుదాం.