ఫోన్‌తో కొండ దూరం కొలవవచ్చా?

ప్రశ్న: మేము బీబీనగర్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. డాబా ఎక్కితే భువనగిరి కోట ఉన్న కొండ స్పష్టంగా కనిపిస్తుంది. దూరం కొలిచే యాప్‌ను ఫోన్‌లో వేసుకుని చూస్తే ఒకసారి 3 కిలోమీటర్లు, మరోసారి 9 కిలోమీటర్లు అని చూపింది. ఇది ఫోన్‌లో లోపమా? లేజర్ మీటర్ కొంటే సరైన దూరం తెలుస్తుందా?

జవాబు: మీ ఫోన్‌లో లోపం లేదు. ఆ యాప్ పనిచేసే పద్ధతికే ఒక పరిమితి ఉంది. మీరు నిలబడిన ఎత్తును మీతోనే చెప్పించుకుని, ఫోన్ ఎంత కిందికి వంగిందో అందులోని సెన్సర్‌తో కొలిచి, ఆ రెండింటి నుంచి అది దూరాన్ని లెక్క కడుతుంది. దగ్గరి వస్తువులకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. అయితే 15 మీటర్ల ఎత్తున్న డాబా నుంచి కిలోమీటరు దూరంలో ఉన్న చెట్టు మొదలును చూసినప్పుడు ఫోన్ వంగేది 0.86 డిగ్రీలు మాత్రమే. చేయి కాస్త వణికి అర డిగ్రీ తేడా వచ్చినా, అదే కిలోమీటరు దూరం ఒక వైపు 630 మీటర్లుగానూ మరో వైపు 2,400 మీటర్లుగానూ కనిపిస్తుంది. మీ కొండ అంతకన్నా చాలా దూరంలో ఉంది కనుక అక్కడ కోణం 0.08 డిగ్రీ దగ్గరికి పడిపోతుంది. పైగా మీ ఇంటి నేల, కొండ మొదలు ఒకే మట్టంలో ఉన్నాయని యాప్ అనుకుంటుంది. దక్కన్ ఎత్తుపల్లాలలో అలా ఉండటం అరుదు.

లేజర్ మీటర్ ఈ పనికి కొనవద్దు. ఇంటి గదుల కొలతలకు వాడే రకం కొన్ని పదుల మీటర్ల వరకే పనికొస్తుంది. గోల్ఫ్ ఆటగాళ్లు వాడే రేంజ్‌ఫైండర్ కొన్ని వందల మీటర్లు అందుకుంటుంది. కొన్ని ఐఫోన్లలో ఉన్న, లేజర్ కాంతితో దూరం కొలిచే లైడార్ సెన్సర్ పరిధి 5 మీటర్ల లోపే.

మీకు కావలసిన సమాధానం ఫోన్‌లోని మ్యాప్స్‌లోనే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ డాబాపై వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే అక్కడ పిన్ పడుతుంది. కింద వచ్చే వివరాలలో దూరాన్ని కొలిచే ఎంపికను తాకి, గురిగుర్తును కొండపైకి జరపండి. అప్పుడు సరళరేఖలో దూరం తెలుస్తుంది. బీబీనగర్ నుంచి అది సుమారు 11 కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు దారి దీనికన్నా ఎక్కువే.

అసలు కష్టం దూరం కొలవడంలో లేదు, కనిపించేది ఏ కొండో తేల్చుకోవడంలో ఉంది. భువనగిరి గుండును ఎవరైనా పోల్చుకోగలరు, కానీ పేరు తెలియని గుట్టల విషయంలో చాలామంది ఫోన్ దిక్సూచిని నమ్ముకుంటారు. డాబా పిట్టగోడలోని ఇనుప చువ్వలు, పక్కనున్న నీళ్ల ట్యాంకు స్టాండు దాన్ని సులువుగా తప్పుదారి పట్టిస్తాయి. 11 కిలోమీటర్ల దూరంలో 5 డిగ్రీల పొరపాటు అంటే దాదాపు కిలోమీటరు పక్కకు తప్పినట్టే. దీనికన్నా నమ్మకమైన ఉపాయం ఉంది. మీరు నిలబడిన చోటుకూ గుట్టకూ మధ్య సరిగ్గా ఒకే వరుసలో వచ్చే వస్తువును, ఒక గుడి గోపురాన్నో సెల్ టవర్‌నో గుర్తించి, శాటిలైట్ మ్యాప్‌లో మీ డాబా నుంచి దాని మీదుగా గీత గీసి పొడిగించండి. ఆ గీత తగిలే గుట్టే మీరు చూస్తున్నది. డాబా నుంచి దూరంగా మరో చోటు ఎంచుకుని ఇంకో గీత గీస్తే, రెండూ కలిసే చోట అనుమానం తీరిపోతుంది.

బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసులతో కొలిచి, అక్కడి నుంచి కోణాల మీదే దేశాన్ని కొలుచుకుంటూ పోయింది ఈ సూత్రంతోనే. కోణాలు కొలిచేందుకు ఆయన వాడిన థియోడొలైట్ అనే పరికరం బరువు అర టన్ను. కోణం తప్పితే దూరం ఎంత తప్పుతుందో తెలిసినవాళ్లు అంత బరువును గుట్టలెక్కించారంటే, అరచేతిలో పట్టే సెన్సర్ నుంచి ఎంత ఆశించాలో ఊహించవచ్చు.

కంటి అంచనాను కూడా పూర్తిగా నమ్మకండి. వాన వెలిసిన మరునాడు గాలిలో దుమ్ము తగ్గడంతో కొండ దగ్గరికి జరిగినట్టు ఉంటుంది, ఎండాకాలపు మసకలో దూరం జరిగినట్టు ఉంటుంది. దూరపు కొండలు నునుపు అనే మాటకూ లెక్క ఉంది. మామూలు కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వరకే విడదీసి చూడగలదు. 11 కిలోమీటర్ల దూరంలో అది 3 మీటర్లకు పైగా అవుతుంది కాబట్టి, మనిషి ఎత్తు బండలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

సొంతంగా కొలిచి చూడాలన్న ఆసక్తి ఉంటే కెమెరాను వాడండి. మీటరు కర్రను 10 మీటర్ల దూరంలో నిలబెట్టి ఫొటో తీసి, ఎడిటింగ్ యాప్‌లో దాని పొడవు ఎన్ని పిక్సెళ్లో చూడండి. అది 300 అనుకుందాం. అదే లెన్స్‌తో, ఎత్తు 30 మీటర్లని మీకు ముందే తెలిసిన సెల్ టవర్‌ను తీస్తే అది 90 పిక్సెళ్లు వచ్చిందంటే, అక్కడ మీటరుకు 3 పిక్సెళ్లు, అంటే దగ్గరి ఫొటోలో వందో వంతు. కాబట్టి దూరం 10 మీటర్లకు వంద రెట్లు, కిలోమీటరు. రెండు ఫొటోలకూ జూమ్ ఒకటే ఉండాలి, ఏ ఫొటోనూ సైజు తగ్గించి సేవ్ చేయకూడదు.